కోలారు బంగారము చూచిన వారెన్ దొర – భూమి ఆకర్షణ కొలచిన వారెన్ దొర



చాంపియన్ రీఫ్స్, మారికుప్పం, ఊరిగాం, కోరమాండల్, ఆండర్సన్‌పేట – ఈ పేర్లలో ఏదో ఒకటి మనలో ప్రతి కుటుంబమునకు పుట్టినిల్లో మెట్టినిల్లో అయి ఉన్నది. మన తాతలు చిత్తూరు, ఉత్తర ఆర్కాడు వైపు పల్లెల నుండి మూట కట్టుకొని ఈ గనులకు వచ్చినవారు. వారు రాకముందే ఇక్కడ బంగారమున్నదని వ్రాసి పెట్టిన తెల్లదొర లెఫ్టినెంట్ జాన్ వారెన్ అని మన ఊరి చరిత్ర చదివినవారందరికీ తెలుసు. అయితే ఆయన తన జీవితములో మరియొక గొప్ప పని చేశారు. భూమి వస్తువులను ఎంత బలముతో తనవైపు లాగుకొనుచున్నదో మద్రాసులో కొలిచి చూపారు. ఆ సంగతి మనలో చాలా మందికి తెలియదు.

భౌతిక శాస్త్రము అనగానే మన పిల్లలు భయపడుతున్నారు. చలనము, బలము, గురుత్వాకర్షణ అను పాఠములు ఎక్కడో దూరదేశములో పుట్టినవి, మన బ్రతుకునకు సంబంధించినవి కావు అనుకొంటున్నారు. ఈ మాట నిజము కాదు. గనిలో దిగిన ప్రతి మనిషి ఆ పాఠమును తన కాళ్లతో, భుజములతో నేర్చుకొన్నాడు. కాబట్టి ఈ సంచికలో వారెన్ జీవితము చెప్పుకొంటూ ఆ పాఠమును కూడా కలిపి చెప్పుటకు ప్రయత్నిస్తున్నాము.

పుట్టుక, ఇండియాకు రాక

వారెన్ 1769లో జన్మించారు. ఆయన పూర్వికులు ఐర్లండు వారు. కుటుంబము ఫ్రాన్సులో స్థిరపడినది. ఆయన అసలు పేరు ఫ్రెంచి పేరే. జాన్ అన్నది ఇంగ్లీషువారి మధ్య వాడుకైన పేరు. ఫ్రాన్సులో విప్లవము చెలరేగిన కాలములో దేశము విడిచి ఇండియాకు వచ్చి, ఇంగ్లీషువారి 33వ పటాలములో చేరారు. స్వదేశము ఒకటి, చేరిన సైన్యము మరొకటి, బ్రతుకుతెరువు వేరొక దేశములో. వలస వచ్చినవారి కష్టము మనకు క్రొత్త కాదు గనుక ఈ సంగతి మనకు వెంటనే అర్థమవుతుంది.

ఆ పటాలములోనే విలియం లాంబ్టన్ అను మరియొక అధికారి ఉండేవారు. 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ మరణించిన తరువాత మైసూరు రాజ్యమును పంచుకొన్నారు. దేశమంతటిని సరిగా కొలవవలెనని లాంబ్టన్ తలపెట్టారు. 1800లో బెంగుళూరు దగ్గర నేల మీద గొలుసులు పరచి మొదటి గీతను కొలిచారు. ఆ పనిలో ఆయనకు సహాయకులుగా నిలిచినవారిలో వారెన్ ఒకరు. ఈ కొలతలు పటము గీయుటకు మాత్రమే కాదు. భూమి నిజముగా గుండ్రని బంతియా, లేక ధ్రువముల దగ్గర కొంచెము అణగి ఉన్నదా అను ప్రశ్నకు జవాబు వెదకుట కూడా లాంబ్టన్ ఉద్దేశము. ఈ ప్రశ్నను గుర్తుంచుకొనండి. వారెన్ జీవితములో ఇది మరల వస్తుంది.

కోలారు నేలలో

1802లో మైసూరు తూర్పు సరిహద్దును గుర్తించు పని వారెన్‌కు అప్పగించారు. బూదికోటకు తూర్పున ఉన్న ఒక చిన్న కొండ దగ్గర సర్వే చేస్తుండగా, ఆ పరిసరములలో మట్టిలో బంగారము దొరుకుతుందన్న మాట ఆయన చెవిన పడినది. చాలామంది అధికారులు ఇటువంటి మాటను పుకారని వదిలివేసి ఉండేవారు. వారెన్ వదలలేదు. మట్టి తెచ్చి చూపినవారికి బహుమానమిస్తానని ప్రకటించారు. ఊరివారు బండ్ల మీద మట్టి తెచ్చారు. ఆయన కన్నుల ఎదుటే దానిని కడిగారు. అడుగున బంగారు రేణువులు మెరిశాయి.

తరువాత ఆయన ఊరిగాం, మారికుప్పం పల్లెలను చూచారు. అంటరానివారని ఊరు దూరముగా పెట్టిన శ్రామికులు అప్పటికే అక్కడ గుంతలు త్రవ్వి రాయి తీస్తున్నారు. మగవారు లోపల రాయి కొట్టి బుట్టలతో చేతులు మార్చి పైకి పంపేవారు. ఆడవారు ఆ రాతిని దంచి, పొడి చేసి, నీళ్లలో కడిగేవారు. వారెన్ ఇదంతా నివేదికగా వ్రాశారు. వ్రాసిన దొర పేరు చరిత్రలో నిలిచినది. దారి చూపినవారి పేర్లు ఏ పుస్తకములోను లేవు. ఈ బంగారమును వారెన్ కనుగొన్నారని కొందరంటారు గాని, ఆయన కనుగొనలేదు. తెలిసినవారిని అడిగి, చూచి, నిజమని వ్రాశారు. అది కూడా చిన్న పని కాదు. కాని వీరికి వారిది, వారికి వీరిది చెందవలెను.

ఆ కడుగుటలో ఏమి జరుగుచున్నది? విద్యార్థులు ఇక్కడ ఆగి ఆలోచించవలెను. ఒకే పరిమాణముగల బంగారు రేణువును, తెల్లరాతి రేణువును తీసుకొంటే బంగారము ఏడు రెట్లకు పైగా బరువుంటుంది. నీటితో పోల్చితే బంగారము 19 రెట్లు, తెల్లరాయి రెండున్నర రెట్లు బరువు. మరి బరువైనది త్వరగా పడుతుందా? గాలి లేనిచోట కాదు. బంగారమును, రాతిని ఒకే ఎత్తు నుండి విడిచితే రెండూ ఒకేసారి నేల చేరతాయి. మొదటి సెకనులో 4.9 మీటర్లు, రెండు సెకన్లకు సుమారు 19.6 మీటర్లు, మూడు సెకన్లకు సుమారు 44 మీటర్లు – ఈ లెక్క రెండింటికి ఒక్కటే. బరువైన వస్తువును భూమి ఎక్కువగా లాగుతుంది, నిజమే. కాని ఆ వస్తువు కదలుటకు చూపు మొండితనము కూడా అదే నిష్పత్తిలో ఎక్కువ. అందువలన ఫలితము సమానము.

నీటిలో సంగతి వేరు. నీరు ప్రతి వస్తువును పైకి నెట్టుతుంది. తేలిక రాతి రేణువు బరువులో పెద్ద భాగమును ఈ నెట్టుట మింగివేస్తుంది. బంగారు రేణువు బరువులో చాలా కొద్ది భాగమే తగ్గుతుంది. పైగా నీటి రాపిడి కూడా ఉన్నది. అందుచేత పాత్రను ఊపగానే ఇసుక నీటితో కొట్టుకొనిపోతుంది, బంగారము అడుగున కూర్చుంటుంది. ఆ తల్లులు ఏ బడికి వెళ్లలేదు. కాని గురుత్వాకర్షణను పనిముట్టుగా వాడుట వారికి చేతి విద్య.

వారెన్ నివేదిక తరువాత చాలా సంవత్సరములు పెద్ద పని జరుగలేదు. 1871లో మైకేల్ లావెల్ అను మాజీ సైనికుడు ఆ పాత వ్రాతను చదివి ఇక్కడికి వచ్చాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినది. 1902లో శివసముద్రం నుండి కరెంటు వచ్చినది. తరువాత కథ మన కుటుంబముల కథయే. 1956లో గనులు ప్రభుత్వపరమైనవి. 2001 ఫిబ్రవరి 28న మూతబడినవి. అంతలో ఈ నేల 800 టన్నులకు పైగా బంగారమిచ్చినది.

మద్రాసు వేధశాలలో

1805లో మద్రాసు వేధశాల అధిపతి జాన్ గోల్డింగ్‌హాం సెలవుపై వెళ్లగా ఆ బాధ్యత వారెన్‌కు ఇచ్చారు. 1811 వరకు ఆయన అక్కడ పనిచేశారు. నుంగంబాకంలో 1792లో కట్టిన ఆ వేధశాలలో పరికరములను నిలిపిన పెద్ద నల్లరాతి స్తంభము నేటికీ వాతావరణ శాఖ ఆవరణలో ఉన్నది. దాని మీద లాటిన్, తమిళము, హిందుస్తానీలతో పాటు మన తెలుగులోను అక్షరములు చెక్కించారు. మద్రాసు వెళ్లినవారు వీలుంటే చూడవలెను.

అక్కడ వారెన్ 1807లో కనిపించిన గొప్ప తోకచుక్కను గమనించారు. మద్రాసు రేఖాంశమును లెక్క కట్టారు. ఇండియా సర్వే పటములకు ఆ వేధశాలయే ఆధారస్థానము గనుక అది దేశమంతటికి సంబంధించిన లెక్క. 1809లో ఆయన ఇంకొక పనికి పూనుకొన్నారు. అదే లోలకము.

లోలకము అంటే దారమునకు కట్టి వ్రేలాడదీసిన గుండు. దానిని ప్రక్కకు లాగి విడిచితే భూమి దానిని క్రిందికి లాగుతుంది. అడుగునకు వచ్చునప్పటికి దానికి వేగము వచ్చి ఉంటుంది గనుక ఆగలేక అవతలి ప్రక్కకు ఎక్కుతుంది. మరల తిరిగి వస్తుంది. ఊపు చిన్నదైతే, ఒక ఊపునకు పట్టు కాలము గుండు బరువు మీద ఆధారపడదు. బంగారు గుండైనా ఇనుప గుండైనా ఒక్కటే. రెండే సంగతులు ముఖ్యము: దారము పొడవు, భూమి లాగు బలము. కాబట్టి పొడవును, కాలమును సరిగా కొలిస్తే భూమి ఆకర్షణ ఎంతో తెలిసిపోతుంది.

ఈ ఆలోచన వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1672లో జాన్ రిషే అను ఫ్రెంచి పండితుడు పారిస్ నుండి గడియారమును భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కయెన్‌కు తీసుకొనిపోయాడు. అక్కడ అది రోజుకు సుమారు రెండున్నర నిమిషములు వెనుకబడినది. గడియారము చెడలేదు. 1687లో ఐజాక్ న్యూటన్ తన గ్రంథములో కారణము చెప్పాడు. భూమి తన చుట్టూ తాను తిరుగుట వలన నడుము దగ్గర ఉబ్బి, ధ్రువముల దగ్గర అణగి ఉన్నది. భూమధ్యరేఖ దగ్గర నిలిచినవాడు భూమి కేంద్రమునకు ఎక్కువ దూరముగా ఉంటాడు; భూమితో కూడ వేగముగా తిరుగుతుంటాడు. రెండు కారణముల చేతను అక్కడ బరువు కొంచెము తగ్గుతుంది. నేటి కొలత ప్రకారము భూమి కేంద్రము నుండి భూమధ్యరేఖకు 6,378 కిలోమీటర్లు, ధ్రువమునకు 6,357 కిలోమీటర్లు. తేడా 21 కిలోమీటర్లు.

లాంబ్టన్ గొలుసుతో నేల మీద అడిగిన ప్రశ్ననే వారెన్ దారముతో గదిలో కూర్చుండి అడిగారు. ప్రక్క నుండి ప్రక్కకు సరిగా ఒక సెకను పట్టే లోలకము మద్రాసులో ఎంత పొడవుండవలెను? వేధశాలలో నక్షత్రములు తలపై దాటు సమయముతో గడియారమును సరిచూచుకొను వీలుండుట వలన ఈ పనికి అది తగిన స్థలము. ఆయనకు వచ్చిన జవాబు 39 అంగుళములకు పైన అతి కొద్ది. లండనులో అదే లోలకము మరి కొంచెము పొడవుండవలెను. తేడా ఒక అంగుళములో సుమారు పదవ వంతు. వ్రేలిపై చూపితే కనబడీ కనబడని తేడా. కాని దాని అర్థము పెద్దది. మద్రాసులో భూమి ఆకర్షణ లండనులో కంటె వెయ్యిలో సుమారు మూడు వంతులు తక్కువ. లండను లోలకపు గడియారమును మార్పు చేయకుండా మద్రాసులో పెడితే రోజుకు సుమారు రెండు నిమిషములు వెనుకబడుతుంది. పన్నెండేళ్ల తరువాత, 1821లో, గోల్డింగ్‌హాం అదే మద్రాసులో మేలైన పరికరముతో మరల కొలిచారు. రెండు కొలతలు చాలా దగ్గరగా వచ్చాయి. ఆ మేలైన పరికరమును తయారుచేసిన హెన్రీ కేటర్ కూడా ఒకప్పుడు లాంబ్టన్ దగ్గర సహాయకుడే.

ద్రవ్యరాశి వేరు, బరువు వేరు

బంగారము తూచిన ఊరివారము గనుక ఈ తేడాను మనము గట్టిగా పట్టుకొనవలెను. ఒక వస్తువులో ఉన్న పదార్థము ఎంతో తెలుపునది ద్రవ్యరాశి. దానిని భూమి ఎంత లాగుచున్నదో తెలుపునది బరువు. తక్కెడలో ఒక ప్రక్క బంగారము, ఒక ప్రక్క రాళ్లు వేస్తే రెండింటినీ భూమి ఒకే రీతిగా లాగుతుంది గనుక లండనులోను మద్రాసులోను ఒకే లెక్క వస్తుంది. స్ప్రింగు త్రాసుతో తూస్తే మాత్రము లండనులో కిలో చూపిన బంగారము మద్రాసులో మూడు గ్రాములు తక్కువ చూపుతుంది. ఎవరూ దొంగిలించలేదు, భూమి లాగుటయే తగ్గినది.

ఇప్పుడు గని కేజీని గుర్తు తెచ్చుకొనండి. షిఫ్టుకు దిగిన పెద్దలను అడగండి. కేజీ క్రిందికి కదలగానే కడుపులో ఏదో తేలినట్లుండేది. నడుమ దారిలో మామూలుగా ఉండేది. అడుగున ఆగునప్పుడు మోకాళ్లు బరువెక్కేవి. అరవై కిలోల మనిషిని భూమి సుమారు 587 న్యూటన్ల బలముతో లాగుతుంది. కేజీ సెకనుకు ఒక మీటరు చొప్పున వేగము పెంచుకొంటూ దిగితే, అతని పాదములను కేజీ నేల నెట్టు బలము 527 న్యూటన్లే. అతనికి తాను 54 కిలోలే ఉన్నట్లు తోచును. వేగము మారనంతసేపు, ఎంత వేగమైనా సరే, మరల 587. అదే రీతిగా వేగము తగ్గించుకొని ఆగునప్పుడు 647. అంటే 66 కిలోలు మోసినట్లు.

న్యూటన్ మూడు సూత్రములు ఇందులోనే ఉన్నవి. బలము లేనిదే చలనము మారదు. నడుమ దారి దానికి సాక్ష్యము. బలము ఎంతో వేగములోని మార్పు అంత. మొదలు, చివర దానికి సాక్ష్యము. పాదము నేలను నెట్టినంత నేల పాదమును నెట్టును. ఆ నెట్టుటనే మనము బరువు అని అనుభవిస్తాము. నేడు తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగుళూరు ఉద్యోగములకు పోవు మన యువకులు, రైలు కుదుపుతో కదలగానే వెనుకకు తూలునప్పుడు నేర్చుకొనునది కూడా మొదటి సూత్రమే.

బరువు ఎప్పుడూ ఆటవస్తువు కాదు. చాంపియన్ రీఫ్స్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతు పోయినది. మన గని రాయి ఘనపు మీటరుకు దాదాపు 2.9 టన్నులు. లెక్క వేయండి: 3,000 మీటర్ల లోతున ఒక్కొక్క చదరపు మీటరు మీద పైనున్న రాతి బరువు సుమారు 8,700 టన్నులు. రాయి త్రవ్వి ఖాళీ చేసినచోట ఆ భారము చుట్టూ ఉన్న రాతి మీద పడుతుంది. రాయి తాళలేక ఒక్కసారిగా పగులుటయే రాక్ బర్స్ట్. ఆ దెబ్బకు పైన లైన్ ఇండ్లలో గిన్నెలు కదిలేవి. ఇండ్లలో ఆడవారు షాఫ్టు వైపు పరుగెత్తేవారు. తిరిగి రానివారు మన సంఘములలోను ఉన్నారు. గురుత్వాకర్షణ అను మాటను పుస్తకములో చదువునప్పుడు మన పిల్లలు వారిని జ్ఞాపకము చేసికొనవలెను.

ఆ రాతియే మరియొక మేలు చేసినది. 1965లో మన చాంపియన్ రీఫ్స్ గనిలో 2 కిలోమీటర్లకు పైగా లోతున ఇండియా, జపాను, ఇంగ్లండు శాస్త్రజ్ఞులు పరికరములు పెట్టి, ఆకాశము నుండి వచ్చు ఇతర కిరణములను పైనున్న రాయి ఆపివేయగా, భూమిని సైతము దూసుకొనిపోవు న్యూట్రినోల జాడను పట్టారు.

గనిలోనికి దిగేకొద్దీ భూమి ఆకర్షణ పెరుగునా, తగ్గునా? పిల్లలు తరచుగా అడుగు ప్రశ్న ఇది. భూమి కేంద్రమున బరువు సున్న. కాబట్టి తగ్గవలెననిపించును. కాని భూమి లోపలి భాగము పై రాతి కంటె చాలా చిక్కనిది గనుక మొదట కొంతదూరము కొంచెము పెరుగుతుంది. 1854లో జార్జి ఎయిరీ ఇంగ్లండులో ఒక బొగ్గు గనిలో లోలకములతో ఇది చూపాడు. మన గనిలో 3,000 మీటర్ల లోతున లోలకపు గడియారము పెట్టి ఉంటే, లెక్క ప్రకారము పైనున్న గడియారము కంటె రోజుకు కొన్ని సెకన్లు ముందుకు పోయి ఉండేది.

మీరు కూడా కొలవవచ్చును

వారెన్ చేసిన పనిని మన విద్యార్థులు ఇంటిలో చేయవచ్చును. సాగని దారమునకు ఒక బరువైన నట్టు కట్టండి. మేకు నుండి నట్టు మధ్య వరకు సరిగా 99 సెంటీమీటర్లు ఉండవలెను. ఒక చేతి వెడల్పు మాత్రమే ప్రక్కకు లాగి, నెట్టకుండా విడిచిపెట్టండి. పోయి రావడము ఒకటిగా 60 లెక్కపెట్టండి. గడియారములో 120 సెకన్లు రావలెను. పొడవును మీటర్లలో 39.48తో గుణించి, ఒక ఊపు కాలమును దానితోనే గుణించగా వచ్చిన దానితో భాగించండి. 9.77 వస్తుంది. మన ప్రాంతమున నిజమైన విలువ సుమారు 9.78. ఒక్క సెకను తప్పు లెక్కపెడితే జవాబు ఎంత మారునో కూడా చూడండి. వారెన్ ఓపిక విలువ అప్పుడు తెలుస్తుంది. నట్టు మార్చి చూడండి, కాలము మారదు. దారము నాలుగవ వంతు చేయండి, కాలము సగమవుతుంది.

చివరి దినములు

నెపోలియన్ పతనము తరువాత వారెన్ ఫ్రాన్సుకు వెళ్లి, మరల తిరిగి వచ్చి పాండిచేరిలో నివసించారు. దక్షిణ దేశస్థులు కాలమును ఎట్లు లెక్కిస్తారో తెలుపు కాలసంకలిత అను గొప్ప గ్రంథమును 1825లో మద్రాసులో ప్రకటించారు. తమిళుల సౌరమాన సంవత్సరము, మన తెలుగువారి చాంద్రమాన సంవత్సరము, మహమ్మదీయుల సంవత్సరము – మూడింటి లెక్కలు అందులో ఉన్నవి. దానికొరకు ఆయన పంచాంగము కట్టేవారి దగ్గర కూర్చుండి నేర్చుకొన్నారు. నేల మీద గవ్వలు పేర్చి, కంఠస్థమైన పట్టికలతో, కాగితము ముట్టకుండా చంద్రగ్రహణమును లెక్క కట్టిన ఒక పాండిచేరి పంచాంగకర్త విద్యను ఆయన ఆశ్చర్యముతో వ్రాసి ఉంచారు. గ్రహణ ప్రారంభము ఆ లెక్కకు కొద్ది నిమిషముల తేడాలోనే వచ్చినది.

1830లో వారెన్ పాండిచేరిలో కన్నుమూశారు.

ఊరిగాంలో మట్టి కడిగిన ఆడవారి దగ్గర, పాండిచేరిలో గవ్వలు పేర్చిన పంచాంగకర్త దగ్గర, మద్రాసులో ఊగుచున్న గుండు దగ్గర ఆయన చేసినది ఒక్కటే పని. విన్న మాటను నమ్మి ఊరుకొనలేదు, త్రోసివేయనూ లేదు. దగ్గరకు పోయి, చూచి, కొలిచి, వ్రాశారు. భౌతిక శాస్త్రము నేర్చుకొనుటకు ఇంతకు మించిన దారి లేదు. గనులు మూతపడినా కొలుచుటకు మన పిల్లలకు దారము, నట్టు, గడియారము చాలును. ఈ వేసవి సెలవులలో ప్రతి సంఘములోను పెద్దలు పది మంది పిల్లలను కూర్చుండబెట్టి ఈ లోలకమును కట్టించవలెనని, కేజీ దిగిన తాతలు తమ అనుభవమును వారికి చెప్పవలెనని మేము వేడుకొనుచున్నాము.